కరపత్రంలో లేని వాక్యం

"మంగళవారం రాత్రి పదకొండు నలభై రెండుకు నువ్వెక్కడున్నవ్?"

విజయరాణి ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. షాదాబ్ కూడా మూడోసారి అదే జవాబు చెప్పాడు.

"ఇంట్లనే ఉన్న మేడం. పండుకున్న."

"లాప్‌టాప్?"

"నా మంచం పక్కనే ఉన్నది. నెట్ కార్డు గూడ దానికే ఉన్నది."

"నీ బ్లాగు పాస్‌వర్డ్ ఎవలెవలికి తెలుసు?"

"నాకొక్కనికే."

ఆ చివరి మాట దగ్గర అతని గొంతు కాస్త దిగింది. విజయరాణి దాన్ని మనసులో రాసి పెట్టుకుంది. పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్న మనిషి ఆమె. ఇప్పుడు సిద్దిపేట వకీళ్ల తరఫున విచారణలు చేసి పెడుతోంది. ఈ పని కూడా షాదాబ్ తండ్రి పెట్టుకున్న వకీలే అప్పగించాడు. అబద్ధం ఆడేవాడి కళ్లు చూడాలని అందరూ అంటారు గాని, ఆమె మాత్రం గొంతునే నమ్ముతుంది.

ఆ రోజు అక్టోబరు పద్నాలుగు, శుక్రవారం. ఉదయం తొమ్మిది. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు కదలడం లేదు, కాలేజీలకు తాళాలు పడ్డాయి. జానీ పాషా టైలర్ దుకాణంలో కుట్టుమిషన్ మాత్రం ఆగకుండా తిరుగుతోంది. దీక్షా శిబిరాలకు కండువాలు కుడుతున్నాడాయన. ఆయన కొడుకే ఈ షాదాబ్. వయసు ఇరవై ఆరు. ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు.

గొడవంతా షాదాబ్ ఇంటర్నెట్లో నడిపే 'మందు – మతలబు' అనే బ్లాగు దగ్గర మొదలైంది. హుస్నాబాద్‌కు చెందిన మధుసూదన్ అనే పెద్దమనిషి 'గుట్టవేరు చూర్ణం' పేరుతో షుగరు మందు అమ్ముతున్నాడు. మూడు నెలలు వాడితే ఇంజెక్షన్లు మానేయవచ్చని ఆయన ప్రచారం. ఆ చూర్ణం వాడుతూ ల్యాబుకు వచ్చిన ముప్పై ఒక్క మంది రిపోర్టులను, పేర్లు బయటపెట్టకుండా, షాదాబ్ బ్లాగులో వరుసగా రాశాడు. ఒక్కరికి కూడా షుగరు తగ్గలేదు. "ఈ మందును ఎక్కడ పరీక్షించిన్రు? ఆ కాగితం చూపెట్టున్రి" అని అడిగాడు. అంతే! ఆ రాతల కింద తిట్లు వచ్చి పడ్డాయి. ఆంధ్రా కంపెనీలకు అమ్ముడుపోయిండన్నారు, తెలంగాణ మూలికను అవమానపరిస్తే ఊరుకోమన్నారు. మధుసూదన్ సమ్మె శిబిరాలకు అన్నం పంపే మనిషి కావడంతో ఆ మాటలకు ఇంకా బలం వచ్చింది. షాదాబ్ రోజూ సాయంత్రం అదే శిబిరంలో కూర్చుంటాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

రెండు రోజుల కిందట అదే బ్లాగులో, షాదాబ్ పేరుతోనే, ఒక క్షమాపణ కనిపించింది. విజయరాణి దాని ప్రింటు మళ్లీ చదివింది.

"గుట్టవేరు చూర్ణంపై నేను రాసినవన్నీ అసత్యాలు. కంపెనీల ప్రలోభానికి లొంగి రాశాను. చూర్ణం వాడేవారు ఎవరూ భయపడనక్కరలేదు. వారికి ఇంజెక్షన్ల అవసరం లేదు. మధుసూదన్ గారిని క్షమాపణ కోరుతున్నాను. మా అబ్బాకు షుగరున్నది. రాత్రి కాళ్లు మంటలు లేస్తే ఒత్తేది నేనే. ఆయన బాధ చూసే ఈ మాట రాస్తున్న."

"జానీ భాయ్, మీకు షుగరున్నట్టు బయట ఎవరికి తెలుసు?" అని అడిగింది.

జానీ పాషా మిషన్ ఆపాడు. "ఎవ్వలికి చెప్పలేదమ్మా. గిరాకీ భయపడ్తది, చెయ్యి వణుకుతదేమో అనుకుంటది. ఇంట్ల నలుగురికే తెలుసు."

అంటే రాసింది బయటివాడు కాదు. కాకపోతే బయటివాడి వెనక ఇంటి మనిషి ఉండాలి. విజయరాణి ఆ ఆలోచన పూర్తిచేసేలోపు దుకాణం ముందు ఒక తెల్లకారు ఆగింది. దిగినవాడు ప్రవీణ్. హైదరాబాదులో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాడు. మధుసూదన్ ఈ వ్యవహారం కోసం అతన్ని పెట్టుకున్నాడు.

"నమస్తే మేడం. ఇంకా ఆడనే తిరుగుతున్నరా?" అంటూ అతను ఒక కుర్చీ లాక్కున్నాడు. "సీదా లెక్క. రాత్రి పదకొండు నలభై రెండు. మనిషి ఇంట్ల ఉన్నడు, మిషన్ ఇంట్ల ఉన్నది, పాస్‌వర్డ్ ఒక్కనికే తెలుసు. ఇంకెవరు రాస్తరు?"

"రాసినోడు రాయలేదని ఎందుకంటడు?"

"భయపడి రాసిండు, తెల్లారినంక సిగ్గుపడ్డడు. మీ కాలంల లేకుండె గాని మేడం, ఇప్పుడు రోజూ జరిగేదే." ప్రవీణ్ సంచిలోంచి పసుపు కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. 'తప్పు ఒప్పుకున్న ల్యాబు ఉద్యోగి' అని పైన పెద్ద అక్షరాలు. కింద క్షమాపణ. "మా పార్టీ కొట్టించింది. ఒంటిగంటకు స్టాంపు కాగితంతోని వస్త. ఇదే మాట రాసి సంతకం పెడితే కేసుండదు. లేకుంటే సోమవారం పరువునష్టం దావా. ల్యాబు ఓనరుకు గూడ నోటీసు పోతది."

"నెట్‌ల ఆ టైం మీరే చూసిన్రా?"

"రాత కిందనే ఉన్నది. చూసుకోరి." అతను నవ్వి లేచాడు.

కారు వెళ్లాక విజయరాణి కరపత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. షాదాబ్ తల వంచుకుని ఒక కండువా అంచును వేళ్లతో నలుపుతున్నాడు. అతనికి కోపం రాకపోవడం ఆమెకు వింతగా అనిపించింది. చేయని తప్పు తన మీద వేసినవాడు ఎదురుగా కూర్చుంటే ఆ వయసు కుర్రవాడు అంత మౌనంగా ఉండడు.

*

దుబ్బయ్య నెట్ సెంటర్‌లో ఆరు కంప్యూటర్లున్నాయి. విజయరాణి వెళ్లేసరికి గోడ గడియారం తొమ్మిది నలభై ఎనిమిది చూపిస్తోంది.

"పది కొడితే కరెంటు పోతది మేడం. పన్నెండుకు గాని రాదు. ఏం చూస్కున్నా పది నిమిషాలల్ల చూస్కోరి," అన్నాడు దుబ్బయ్య.

"రోజూ ఇదే టైమా?"

"సమ్మె షురువైనకాంచి గిదే కత. బొగ్గు లేకపాయె."

ఆమె షాదాబ్ బ్లాగు తెరిపించింది. క్షమాపణ కింద చిన్న అక్షరాల్లో ఉంది: మంగళవారం, రాత్రి 11:42. ప్రవీణ్ చెప్పింది నిజమే. ఆమె కిందికి జరుపుతూ షాదాబ్ పాత రాతలు ఒక్కొక్కటే చూసింది. సెప్టెంబరులో రాసిన ఒకదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మొదటి వాక్యం ఇలా ఉంది: 'ఇప్పుడే జుమ్మా నమాజు చేసి వచ్చి ఇది రాస్తున్న.' దాని కింద టైము శుక్రవారం, తెల్లవారుజామున 1:55.

"దుబ్బయ్యా, జుమ్మా నమాజు ఎన్నింటికైతది?"

"పగటీలి కదా మేడం. ఒకటిన్నరకు షురువైతే రెండింటికి అయిపోతది."

"మరి ఇది తెల్లారుజామున ఒకటి యాభై ఐదు అంటుందేంది?"

దుబ్బయ్య వంగి చూసి తేలిగ్గా నవ్వాడు. "అది మన టైం కాదు మేడం. బ్లాగు పెట్టినప్పుడు గడియారం మార్చుకోకుంటే అమెరికాదే ఉంటది. శానమంది మార్చరు. ఇప్పుడైతే పన్నెండున్నర గంటలు కలుపుకోవాలె."

విజయరాణి పెన్ను తీసింది. ఒకటి యాభై ఐదుకు పన్నెండున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం రెండు ఇరవై ఐదు. నమాజు చేసి వచ్చి రాసిన టైముకు సరిగ్గా సరిపోయింది. మంగళవారం రాత్రి పదకొండు నలభై రెండుకు కలిపితే బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాటి పన్నెండు నిమిషాలు.

బుధవారం ఆ సమయానికి షాదాబ్ ల్యాబులో ఉన్నాడు. ఆమె అక్కడికి ఫోను చేసి రిసెప్షన్ అమ్మాయిని అడిగింది. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా అతను వరసగా రక్తం తీస్తూనే ఉన్నాడనీ, లాప్‌టాప్ ఎప్పుడూ ల్యాబుకు తేడనీ ఆ అమ్మాయి చెప్పింది.

"బుధవారం పన్నెండింటికి కరెంటు రాంగనే ఎవరొచ్చిన్రు?"

దుబ్బయ్య రిజిస్టరు తిప్పాడు. పన్నెండు ఐదుకు మూడు పేర్లున్నాయి. మొదటివాడు ఉద్యోగ దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చినవాడు, రెండో ఆయన రిటైరైన పంతులు. ఇద్దరూ దుబ్బయ్యకు తెలిసినవాళ్లే. మూడో పేరు షీబా. పక్కన సెల్ నంబరు.

"ఈ అమ్మాయి ఎవరు? గుర్తింపు కార్డు కాపీ ఏది?"

"సమ్మెల ఏమడుగుత మేడం? కరెంటు కోసం గంట సేపు గడపల నిలబడ్డది. పది నిమిషాలల్ల పోయింది. కాలేజీ పిల్ల. ముఖానికి స్కార్ఫు కట్టుకున్నది."

విజయరాణి ఆ నంబరును రెండుసార్లు చదివింది. ఎక్కడో చూసినట్టుంది. ఆలోచిస్తుండగానే పది కొట్టింది. ఆరు తెరలూ ఒక్కసారే నల్లబడ్డాయి, ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. ఆమె నంబరు రాసుకుని బయటికి నడిచింది.

జానీ పాషా దుకాణం ముందుకొచ్చాక ఆమెకు సంగతి తెలిసింది. బోర్డు మీద దుకాణం నంబరుంది. మొదటి ఎనిమిది అంకెలూ అవే. బోర్డు మీద చివర 64, రిజిస్టరులో 46. తప్పుడు నంబరు రాయాల్సి వచ్చినవాళ్లు కొత్తది పుట్టించలేరు, నోటికి వచ్చిన సొంత నంబరు తోకను తిప్పుతారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటివి ఎన్నో చూసింది.

దుకాణం వెనక గదిలో కుట్టిన కండువాలను ఒకమ్మాయి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేస్తోంది. జానీ పాషా కూతురు అర్షీన్. డిగ్రీ రెండో సంవత్సరం.

*

విజయరాణి తలుపు దగ్గరగా వేసి, ఆ అమ్మాయి పక్కన చాప మీద కూర్చుంది. ఒక కండువా తీసుకుని తనూ మడత పెట్టింది.

"షీబా ఎవరు బిడ్డా?"

ఇస్త్రీపెట్టె ఆగింది. కాసేపటికి బట్ట వాసన మారింది. విజయరాణి చెయ్యి చాపి పెట్టెను పక్కకు జరిపింది.

"నా క్లాస్‌మేట్, ఆంటీ," అంది అర్షీన్. అప్పటికే కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నకేం కాదన్నడు. రాస్తే ఏం కాదన్నడు."

"ఎవరన్నరు?"

"మంగళవారం పొద్దుగాల, అబ్బా శిబిరానికి పోయినప్పుడు వచ్చిండు. వకీలునన్నడు. బస్సు అద్దాలు పలగొట్టిన కేసుల అన్న పేరు ఎక్కిస్తున్నరు, జైలుకు పోతడు, ఇంక ఏ ల్యాబుల పని దొరకదన్నడు. ఈ కాగితం బ్లాగుల పెడితే మధుసూదన్ సార్ మాట్లాడి పేరు తీపిస్తడన్నడు. ఇంట్ల కాదు, నెట్ సెంటర్ల పెట్టుమన్నడు. బ్లాగు పెట్టిన నాడు పాస్‌వర్డ్ పెట్టింది నేనే, ఆంటీ. అన్నకు అప్పుడు తెలుగు టైపు రాకుండె."

"ఆ కాగితం ఉన్నదా?"

"చింపేసిన."

విజయరాణి నిట్టూర్చింది. "అందుల ఉన్నది ఉన్నట్టే పెట్టినవా?"

అర్షీన్ తల అడ్డంగా ఊపింది. "చివర్ల మూడు మాటలు నేను కలిపిన. అబ్బా కాళ్ల ముచ్చట. ఇంట్ల కాళ్లు ఒత్తేది నేనే. నోటితోని చెప్పే ధైర్యం లేకుండె. అన్న చదివితే నేనే రాసిన్నని తెలుస్తదనుకున్న. తిడతడు, కొడతడు, ఏమన్న చేస్తడనుకున్న. ఏమనలేదు ఆంటీ. రెండు రోజుల సంది ఏమంటలేడు."

తలుపు మెల్లగా తెరుచుకుంది. షాదాబ్ గడపలో నిలబడ్డాడు.

"నీకు తెలుసు," అంది విజయరాణి.

"చదివినప్పుడే తెల్సింది మేడం." అతను చెల్లెలి వైపు చూడలేదు. "దీని పేరు బయటికొస్తే కాలేజీల ఎట్ల తిరుగుతది? అందుకే నాకొక్కనికే పాస్‌వర్డ్ తెలుసన్న. సంతకం గూడ పెడదామనే అనుకున్న."

అర్షీన్ లేచి అన్న మోచెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు. విజయరాణి వాళ్లను అలా వదిలి కిటికీ దగ్గరికి వెళ్లి, సంచిలోంచి పసుపు కరపత్రం తీసింది. ప్రవీణ్ ఇచ్చినప్పుడు పై అక్షరాలే చూసింది. ఇప్పుడు ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివింది. క్షమాపణ కోరుతున్నాననే చోట అది ముగిసిపోయింది.

ఆమె పెదవుల మీద చిన్న నవ్వు మెరిసింది.

"అర్షీన్, ఆ వచ్చినాయన ఎట్లుంటడు?"

"తెల్లకారుల వచ్చిండు, ఆంటీ. పొద్దుగాల గూడ దుకాణం ముందుకు వచ్చింది గా కారే. నేను తలుపు సందు నుంచి చూసిన."

*

ప్రవీణ్ సరిగ్గా ఒంటిగంటకు వచ్చాడు. స్టాంపు కాగితం, పెన్ను బల్ల మీద పెట్టాడు. జానీ పాషా మిషన్ ముందు, షాదాబ్ గోడకు ఆనుకుని ఉన్నారు. అర్షీన్ లోపలి గదిలోనే ఉండిపోయింది.

"సంతకానికి ముందు ఒక్క ముచ్చట," అంది విజయరాణి. "ఈ కరపత్రం మాటర్ మీకెక్కడిది?"

"బ్లాగుదే. ఉన్నది ఉన్నట్టు దించి ప్రెస్సుకిచ్చిన. అక్షరం గూడ మార్చలేదు."

"ఎప్పుడు?"

"బుధవారం పొద్దున తొమ్మిదింటికి."

"తొమ్మిదింటికి అది ఇంకా పుట్టనే లేదు ప్రవీణ్. పుట్టింది పన్నెండు దాటినంక పన్నెండు నిమిషాలకు. బ్లాగుల ఉన్నది అమెరికా గడియారం." ఆమె రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టింది. "బ్లాగుల చివర మూడు వాక్యాలున్నయ్. మీ కరపత్రంల ఒక్కటి గూడ లేదు. బ్లాగు నుంచి దించినోడు అవెందుకు వదిలిపెడతడు? ఇది ఆ పిల్లకు మీరిచ్చిన కాగితం నుంచి కొట్టించింది."

ప్రవీణ్ రెండింటినీ చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"రాత్రి టైం అని పొద్దున నాకు చెప్పినప్పుడు, అది తప్పని మీకు తెలుసు. నెట్ సెంటర్‌కు పొమ్మన్నది మీరే గదా, అర్ధరాత్రి నెట్ సెంటర్ ఎవరు తెరుస్తరు?" అంది ఆమె, గొంతు పెంచకుండానే.

"నా డ్యూటీ నేను చేసిన." అతని మాటలో పొద్దుటి జోరు లేదు గాని మొండితనం పోలేదు. "అయినా ఎవరు రాస్తే ఏంది మేడం? ఐదువేల కాగితాలు జనాల చేతుల్లకు పోయినయ్. హుస్నాబాద్, మద్దూరు, బుధవారం సాయంత్రానికే పంచినం. ఇప్పుడు మీరు నిజం తేల్చినా ఆ కాగితాలు ఎవరు వాపస్ తెస్తరు?"

షాదాబ్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "మద్దూరుల గూడనా?"

"ఎందుకు?"

అతను ఫోను తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు కొట్టాడు. "మద్దూరుల పద్మమ్మ అని ముసలవ్వ ఉన్నది మేడం. ఆమె మనుమరాలు మైత్రి, పదకొండేండ్ల పిల్ల. పుట్టు షుగరు లాంటిది, సూది లేకుంటే బతకదు. చూర్ణం నమ్మి అవ్వ ఆగస్టుల ఒకసారి సూది బంద్ పెట్టింది. నేను చెప్తే మళ్ల షురువు చేసింది."

ఫోను చాలాసేపు మోగింది. షాదాబ్ స్పీకరు పెట్టాడు.

"బిడ్డా, నువ్వేనా?" పద్మమ్మ గొంతు దూరంగా, అలసటగా వినిపించింది. "నీకే చేద్దామంటే ఇందాక కరెంటు వచ్చేదాక ఫోన్ల చార్జింగు లేకపాయె. పిల్ల తెల్లారంగ నుంచి కక్కుతుంది. శ్వాస పెద్దగ తీస్తుంది. ఇప్పుడైతే పిలిస్తే కండ్లు తెరుస్తలేదు."

"సూది వేసినవా అవ్వా?"

"బంద్ పెట్టిన కదా బుధవారం రాత్రి. నువ్వే రాసినవ్ కదా బిడ్డా, అవసరం లేదని. మా ఊరి పంతులు చదివి చెప్పిండు."

లోపలి గది తలుపు దగ్గర అర్షీన్ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. జానీ పాషా లేచి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"అది నేను రాయలేదు అవ్వా. ఆటో దొరికిచ్చుకుని చేర్యాల దవాఖానకు తీస్కపో. ఇప్పుడే. మేం ఆడికే వస్తం," అన్నాడు షాదాబ్.

విజయరాణి ప్రవీణ్ వైపు చెయ్యి చాచింది. బస్సులు లేని ఊళ్లో ఆ వాకిట్లో ఉన్నది ఆ ఒక్క కారే. ప్రవీణ్ కారు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. జానీ పాషా నాలుగు కండువాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. దారిలో రాస్తారోకో చేసేవాళ్లు ఆయన కుట్టిన కండువాల మనుషులే.

"అవ్వా, పోయేటప్పుడు సూది మందు సీస వెంట పట్టుకపో," అన్నాడు షాదాబ్ గడప దిగుతూ. "చల్లగ ఉండాలని కుండల పెట్టినవ్ కదా, ఉన్నదా?"



"లేదు బిడ్డా. కాగితాలు పంచినోళ్లే తీస్కపోయిన్రు. సూది మందు సీస ఇస్తే చూర్ణం డబ్బా ఊకెనే ఇస్తమన్నరు."

విజయరాణి కారు తలుపు మీద చెయ్యి వేసినట్టే ఆగింది. ఆమె ప్రవీణ్‌ను చూసింది. అతను తనకు తెలియదన్నట్టు తల ఊపాడు. ఈసారి ఆ తల ఊపు ఆమెకు అబద్ధంలా అనిపించలేదు. ఆమె షాదాబ్ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"పద్మమ్మా, మీ ఒక్క ఇంట్లనేనా?"

"అయ్యో, మా ఒక్క ఇంట్లనే ఎందుకు? మా ఊర్ల సూదేసుకునేటోళ్లు పదకొండు ఇండ్లున్నయ్. అందరియి తీస్కపోయిన్రు. వాళ్ల బండి ఇయ్యాల పొద్దుగాల పక్కూరు ధూళిమిట్టకు పోయింది."